ఒక్క రాత్రి ఆమె పాటకు
నాటక పరిషత్తుల నిర్వాహకులకు బహిరంగ లేఖ

మహాశయులారా,

ఆంధ్ర తెలంగాణ దేశములందు ఊరూర, ఏటేట చందాలు పోగుచేసి, పందిళ్ళు వేయించి, న్యాయనిర్ణేతలకు బస కుదిర్చి, నటీనటులకు అన్నము పెట్టి, తుదకు చేతిసొమ్ము కొంత వదలించుకొని కూడ మరుసటి ఏడు మరల అదే పనికి నడుము బిగించు మీవంటివారు లేకున్నచో, తెలుగు నాటకము ఈపాటికి పాఠ్యపుస్తకములలో ఒక అధ్యాయముగా మాత్రమే మిగిలియుండెడిది. 1929 లో తెనాలియందు ఆంధ్ర నాటక కళాపరిషత్తు వెలసినది మొదలు నేటివరకు ఈ సేద్యము సినిమాల వెల్లువకును, టీవీల వానకును తట్టుకొని నిలిచినదన్న, ఆ ఘనత ప్రధానముగా మీది. ముఖస్తుతి కొరకు ఈ మాట వ్రాయుటలేదు. ఇటుపై వ్రాయబోవునది కోపముతో కాక చనువుతో వ్రాసినదని మీరు గ్రహింపవలెనని ముందుగా వ్రాయుచున్నాను.

గత సంవత్సరము ఒక పట్టణమున, దాని పేరుతో మనకు పనిలేదు, మూడు రాత్రుల పరిషత్తును ఆద్యంతము చూచితిని. రెండవ రాత్రి ఆడిన నాలుగు నాటికలలో మూడింట ఒకే నటీమణి మూడు సమాజముల పక్షమున వేషము కట్టినది. మొదటిదానిలో కొడుకు వృద్ధాశ్రమమున వదలిపోయిన తల్లి. రెండవదానిలో తాగుబోతు మగనితో వేగలేని ఇల్లాలు. మూడవదానిలో కట్నపు బాకీ తీరక పుట్టింటికి తిరిగివచ్చిన కూతురు. మూడింటను ఆమె ఏడ్చినది. ఏ ఒక్క ఏడ్పునకును మరియొకదానితో పోలిక లేకుండ, పాత్రకు తగిన గొంతుతో, వయస్సునకు తగిన వణకుతో ఏడ్చినది. మూడవ నాటికకు తెర లేచునప్పటికి రాత్రి పన్నెండున్నర. ఆడువారికి ప్రత్యేకించిన కుర్చీలు పదిగంటలకే ఖాళీ పడినవి. స్త్రీ దుఃఖమును చూచుటకు ఆ పందిట మిగిలినవారందరును మగవారే.

ఆ సాయంకాలము పద్యనాటకమునకు వచ్చిన హార్మోనిస్టు నా చిరకాల మిత్రుడు. అతనిని పలుకరించిపోదమని తెరవెనుకకు వెళ్ళితిని. తెరవెనుక అనగా ఆ పాఠశాలలో ఆరవ తరగతి గది. నల్లబల్లమీద ఆనాటి తేదీయు, పిల్లల హాజరును చెరపని సుద్దగీతలుగా ఉండగా, బెంచీకి ఆనించిన చేతి అద్దము ముందు ఆ నటీమణి కొబ్బరినూనెలో ముంచిన గుడ్డతో ముఖమునకు పట్టించిన రంగును తుడుచుకొనుచు, తనలో తాను ఏదియో కూనిరాగము తీయుచున్నది. శూర్పణఖ సన్న్యాసిని వేషముతో సీత యొద్దకు వచ్చి రావణుని రూపు వ్రాసి చూపుమని వేడగా, తాను అతని ముఖమెన్నడును చూడలేదని, చూచినది కాలి బొటనవ్రేలు మాత్రమేనని, సీత ఆ వ్రేలిని మాత్రమే వ్రాసిన కథ గల పాట అది. పెట్టె మూయబోయిన మా మిత్రుడు ఆగి, తిత్తి తెరచి, ఆమె గొంతును వెదకికొనుచు శ్రుతి పట్టినాడు. టీ కెటిలుతో వచ్చిన కుర్రవాడు గుమ్మములోనే నిలిచిపోయినాడు. పది నిముషములు ఆ గదిలో కదలిన వస్తువు గోడమీది బల్లి ఒక్కటే.

పాట ముగిసిన పిమ్మట, "ఇంత పాట దాచుకొని వేదికమీద ఒక్క చరణమైనను పాడలేదేమమ్మా?" అంటిని. "మా అమ్మమ్మ పాటండీ ఇది. నాకు ఇచ్చే పాత్రల్లో ఏడుపే గాని పాట ఉండదు కదండీ," అన్నది. ఆ మాటలో నిష్ఠురము లేదు. వానవచ్చునేమో అన్నంత మామూలుగా అన్నది. వెలుపల వ్యాను హారను మ్రోగగా సంచి సర్దుకొని వెళ్ళిపోయినది. మరునాడు ఆమెకు వేరొక ఊరి పరిషత్తున మరి రెండు ఏడ్పులు ఉన్నవట.

ఈ లేఖకు కారణము ఆ ఒక్క వాక్యము. మన వేదికమీద స్త్రీకథకు కొరత యెన్నడును లేదు. స్త్రీకష్టము లేనిదే మన సాంఘిక నాటకమునకు పునాదియే లేదు. 1892 లో విజయనగరమున తొలిసారి ఆడిన కన్యాశుల్కము మొదలు వరవిక్రయము వరకు, అటు తరువాత ఈనాటి నాటికల వరకు, మన రచయితలు స్త్రీ కొరకు కన్నీరు కార్చిన మాట వాస్తవము. ఆ కన్నీటివలన సంఘమునకు మేలు కలిగిన మాటయు వాస్తవమే. కాని కష్టపడిన స్త్రీ పాడినది కూడ. దంచుచు పాడినది, నాట్లు వేయుచు పాడినది, ఊయెల యూపుచు, కూతుని అప్పగించుచు, బతుకమ్మ చుట్టు చప్పట్లు చరచుచు పాడినది. దేవాలయముననో, రాజసభయందో, మేజువాణి పందిటనో వృత్తిగా పాడినది. ఆమె కష్టమును గ్రహించిన మన వేదిక ఆమె పాటను గ్రహింపలేదు. సగము స్త్రీని మాత్రమే మనము రంగమునకు తెచ్చితిమి.

ఒకప్పుడు ఈ సగము కూడ పురుషుని కంఠముననే పలికెడిది. స్థానం నరసింహారావుగారు సత్యభామయై వచ్చిన రాత్రులను చూచినవారు ఆ జడను, ఆ నడకను తలచుకొని బ్రతికినన్నాళ్ళు మురిసిపోయిరి. కూచిపూడి వేదాంతం సత్యనారాయణశర్మగారి భామను చూచినవారును అంతే. ఆ విద్య సామాన్యమైనది కాదు, దానిని తక్కువ చేయుట నా ఉద్దేశ్యమును కాదు. అయినను స్త్రీపాత్రను స్త్రీయే ధరింపవలెనని పట్టుపట్టిన బళ్ళారి రాఘవగారి పట్టుదలయు, అంతకు చాల పూర్వమే, 1885 లో కడప మండలమందలి సురభి గ్రామమున కీచకవధతో ఆరంభమై, తల్లియు, కోడలును, కూతురును ఒకే వేదికమీద నిలిచిన సురభి కుటుంబముల సాహసమును ఈ కథకు మరియొక పార్శ్వము. ఆ సురభిలో పెరిగిన కమలాబాయి 1932 లో తొలి తెలుగు టాకీ భక్తప్రహ్లాదలో లీలావతియై నిలిచినదన్న, డేరా నాటకమున పెద్దయెత్తున సాధన చేసిన గొంతు ఆమెకు తోడుండుట చేతనే కదా! స్త్రీ వేదికనెక్కుట అనెడి పోరాటము ఆనాడే గెలిచితిమి. ఎక్కిన తరువాత ఆమె తన కథను తన పాటతో చెప్పుకొనుట మాత్రము నేటికిని బాకీ.

స్త్రీ నాటకకర్త మనకు లేదని మీలో ఎవరైన అందురేమో. పదునేడవ శతాబ్దమున తంజావూరు విజయరాఘవనాయకుని కొలువున కనకాభిషేకము పొందిన పసుపులేటి రంగాజమ్మ మన్నారుదాస విలాసమును యక్షగానముగా వ్రాసినది. తరిగొండ వెంగమాంబ బాల్యముననే వైధవ్యము పొంది, లోకము విధించిన విధవాచారములకు లొంగక, తిరుమల కొండమీద బ్రతికి ముక్తికాంతావిలాసము మున్నగు యక్షగానములు రచించినది. నేటికిని ఆ స్వామికి రాత్రి ఏకాంతసేవలో ఆమె పేర ముత్యాలహారతి జరుగుచున్నది. కొండమీద నిత్యము గౌరవము జరుగుచుండగా కొండక్రింద మన వేదికమీద ఆమె యక్షగానమునకు ఒక్క రాత్రియైనను దొరకదా? ఆమె పుట్టిన ప్రాంతమందలి పరిషత్తులవారు దీనికి ముందుగా సమాధానము చెప్పవలెను.

ఇక బెంగుళూరు నాగరత్నమ్మ కథ యున్నది. 1878 లో పుట్టి 1952 లో గతించిన ఈ గాయని జీవితమునకు అంకవిభజన మనము చేయనక్కరలేదు, కాలమే చేసిపెట్టినది. తంజావూరు మరాఠా రాజసభయందు పదునెనిమిదవ శతాబ్దమున ముద్దుపళని వ్రాసిన రాధికాసాంత్వనమును స్త్రీ వ్రాయదగని శృంగారమని పెద్దలు నిందించుచుండగా, ఈమె మూలప్రతిని సంపాదించి, పరిష్కరించి, 1910 లో వావిళ్ళవారిచేత ముద్రింపించి, పీఠికలో ఆ పెద్దలనే నిలదీసినది. ఇది మొదటి అంకము. ప్రభుత్వము ఆ గ్రంథమును నిషేధించినది. ఆ నిషేధము తొలగుటకు 1947 వరకు వేచియుండవలసి వచ్చినది. ఇది రెండవది. తిరువయ్యారున త్యాగరాజస్వామి సమాధి శిథిలమై యున్నదని విని, పాడి గడించిన తన సొత్తునే వెచ్చించి గుడి కట్టించి, ఆ గుడి యెదుట ఆరాధననాడు పాడుటకు స్త్రీలకు చోటులేదని తెలియగా, స్త్రీలను కూడగట్టుకొని వేరుగా ఆరాధన సలిపి, తుదకు పక్షములన్నియు ఏకమై స్త్రీపురుషులు కలసి పాడునట్టి రోజును కన్నులార చూచినది. ఇది మూడవది. నేడు ఆ స్వామి సన్నిధికి ఎదురుగా ఆమె సమాధియు, చేతులు జోడించిన ఆమె విగ్రహమును ఉన్నవి. తెర దించుటకు ఇంతకంటె మంచి దృశ్యము ఏ నాటకకర్తకు తోచును? ఆమె అభిమానించినది తెలుగు కావ్యము, ఆమె కొలిచినది తెలుగు వాగ్గేయకారుని. అట్టి జీవితమును తెలుగు పరిషత్తులు తమ పోటీలకు వస్తువుగా గ్రహింపకుండుట నాకు వింతగా తోచును.

ఇంత దూరము పోనక్కరలేదు, మన గోదావరి మండలములనే చూడుడు. భామాకలాపమును, గొల్లకలాపమును, అధ్యాత్మరామాయణ కీర్తనలకు అభినయమును తరతరములుగా నోటను, చేతను నిలిపినవారు అక్కడి కళావంతుల ఇండ్ల స్త్రీలు. 1947 లో మద్రాసు రాష్ట్రమున దేవదాసీ సమర్పణను నిషేధించుచు వచ్చిన చట్టము అవసరమైనదే, బాలికలను రక్షించినదే. కాని దురాచారముతోబాటు విద్యకును వాకిలి మూతపడినది. ఆటకు వెలి పడిన ఆ వృద్ధ నర్తకీమణుల యిండ్లకు వెళ్ళి, వారినుండి నేర్చి, నటరాజ రామకృష్ణగారు ఆంధ్రనాట్యమను పేర ఆ విద్యను మరల వెలుగునకు తెచ్చిరి. ఆ నాట్యము బ్రతికినది. నేర్పిన స్త్రీల జీవితకథ మాత్రము ఏ నాటకమునకును ఎక్కగా నేనెరుగను. వేశ్య యనగానే మనకు తెలిసిన పాత్రలు రెండే: మాటలతో మురిపించు మధురవాణి, ఇండ్లు ముంచు చింతామణి. 2022 లో చింతామణి నాటకమును ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము నిషేధించినపుడు చెలరేగిన వాదప్రతివాదములు ప్రధానముగా అందలి ఒక పురుషపాత్రవలన ఒక సామాజికవర్గమునకు కలిగినదన్న అవమానము చుట్టు తిరిగినవి. ఆ నిషేధము తప్పో ఒప్పో ఇక్కడ నా విషయము కాదు. నూరేండ్లుగా ఆ పేరుతో వేదికనెక్కిన స్త్రీ ఎవరు, ఆమెకు సంగీతము నేర్పినదెవరు అని ఆ సందర్భమున అడిగినవారు నాకు కనబడలేదు.

ఇక స్త్రీల పాటలు. మా తల్లి మధ్యాహ్నము చాపమీద బియ్యము పోసికొని రాళ్ళేరుచు ఊర్మిళాదేవి నిద్ర పాడెడిది. పట్టాభిషేకము జరిగిపోయినది, పదునాలుగేండ్లుగా నిద్రించుచున్న ఊర్మిళ గది తలుపు తీసి లక్ష్మణుడు లోనికి వచ్చినాడు. పిలుపునకు ఉలికిపడి లేచిన ఆ యిల్లాలు మగని గుర్తింపలేదు. గడగడ వణకుచు, ఎవరయ్యా నీవు, పరస్త్రీని కోరి ఇంద్రుడేమైనాడో, రావణుడేమైనాడో ఎరుగవా, మా తండ్రి జనకుడు వినినయెడల నీ గతి యేమి అని బెదిరించును. అతడు తాను ఎవరో చెప్పుకొనుటకు తంటాలు పడును. ఆ పాట ఈ చోటికి వచ్చునప్పటికి మా తల్లి చేతిలోని బియ్యము కదలెడివి కావు. చుట్టును కూర్చున్న పొరుగిండ్ల ఆడువారిలో కొందరు నవ్వెడివారు, కొందరు కొంగుతో కన్నులొత్తుకొనెడివారు. ఇద్దరు పాత్రలు, ఒక మంచము, ఒక దీపము; ఇంతకంటె తక్కువ ఖర్చుతో ఇంతకంటె బిగువైన రంగమును ఏ పరిషత్తు ఎరుగును? ఇట్టి పాటలు సేకరించి 1955 లోనే ఆంధ్ర సారస్వత పరిషత్తు స్త్రీల రామాయణపు పాటలు అను గ్రంథముగా ప్రకటించినది. పుస్తకము బీరువాలో యున్నది. పాట ముసలివారి నోటనున్నది. వేదిక మీ చేతనున్నది.

స్త్రీ గొంతు వేదికమీద నిలువదని శంకించువారికి మరియొక నిదర్శనము. ప్రజానాట్యమండలి ఉద్యమకాలమున మోటూరి ఉదయము మొదలగు స్త్రీలు బుర్రకథ దళము కట్టి, తంబుర భుజమునకెత్తి, అందెను మ్రోగించుచు, మగవారు మాత్రమే చెప్పదగునని లోకము తలచిన ఆ కథలను ఊరి మధ్య నిలిచి చెప్పిరి. అదే మండలిలో పాడి, ఆడి, నూరేండ్లు బ్రతికి తొంబది దాటిన పిమ్మట తన జీవితమును నిర్జన వారధి అను పేర వ్రాసికొన్న కొండపల్లి కోటేశ్వరమ్మగారిని మనలో పెక్కుమంది ఎరుగుదురు. వారికి మైకు లేనిచోట కూడ గొంతు వినబడినది.

మీరు చెప్పబోవు అభ్యంతరములను నేనెరుగుదును. నాటకసభలలో నేనును కొంతకాలము ప్రాంప్టింగు చెప్పినవాడనే. పాట పెట్టినచో గంట నియమము మించునందురు. పద్యమునకు వన్స్ మోరు కొట్టి పద్యనాటకమును తెల్లవారుదాక సాగదీసిన జాతికి ఒక చరణము బరువా? రచన లేదందురు, పోటీకి వస్తువు ఇదియని ప్రకటన ఇచ్చినచో రచన అదే వచ్చును. నటీమణులు దొరకరందురు, దొరికినవారి నోట పాట ఉన్నదో లేదో మీరు అడుగలేదు. అయినను ఒక్క అభ్యంతరము మాత్రము నిజముగా బరువైనది. స్త్రీ జీవితమును పండుగ చేయబోయి ఆమెను దేవతను చేసి హారతిచ్చి పంపుట ఒక ప్రమాదము. కళావంతుల వంశమువారు నేటికిని మోయుచున్న నిందను మరచి, పాత వైభవమని పట్టుచీరలు చూపి చప్పట్లు కొట్టించుకొనుట అంతకంటె పెద్ద ప్రమాదము. ఆ యిండ్లవారిని అడిగి, వారికి వినిపించి, వారు సమ్మతించిన పిమ్మట మాత్రమే తెర లేపవలెను. పాటకు గౌరవమిచ్చి పాడినవారికి అగౌరవము చేసిన పాపము మనకు కొత్త కాదు. దానిని మరల చేయరాదు.

కాబట్టి మీయెదుట నా విన్నపములు ఇవి. మీ పరిషత్తు రాత్రులలో ఏటికి ఒక్క రాత్రిని స్త్రీల జీవితములకును, సంగీతమునకును విడువుడు. ఆ రాత్రి ల్యాప్‌టాపునుండి వచ్చు నేపథ్యసంగీతమును కట్టిపెట్టి, హార్మోనియమో, వయొలినో, తబలాయో, ఏది దొరికిన అది, మనుషులచేత వాయింపింపుడు, పాత్రధారిణియే పాడవలెను. మీ ఊరి చుట్టుపట్ల నాట్లపాటలు, మంగళహారతులు, బతుకమ్మ పాటలు ఎరిగిన వృద్ధస్త్రీలు ఎందరున్నారో వెదకి, వారిని తుది బహుమతి ప్రదానమునాడు శాలువా కప్పుటకు కాక, మొదటి రిహార్సలునాడు పాట నేర్పుటకు పిలువుడు. నేర్పినందుకు పారితోషికము ఇండు. న్యాయనిర్ణేతలలో సంగీతమెరిగిన స్త్రీ ఒకతెయైన ఉండవలెను. నటీమణులకు రంగు తుడుచుకొనుటకు తలుపు గడియపడు గదియు, నీళ్ళును ఏర్పరుపుడు. ఇవి ఏవియు కోట్ల పనులు కావు.

ఆనాటి హార్మోనిస్టు మిత్రునకు నిన్న ఫోను చేసితిని. ఆ పాట స్వరము వ్రాసి ఉంచితినని, ఆడించువారుండినచో తాను వచ్చి వాయింతునని చెప్పినాడు. ఆ నటీమణిని కూడ అడిగినాడట. అమ్మమ్మ పాటలు ఇంకను నాలుగు జ్ఞాపకమున్నవని చెప్పినదట. పాట సిద్ధముగా ఉన్నది, గొంతు సిద్ధముగా ఉన్నది, శ్రుతి సిద్ధముగా ఉన్నది. ఇక మిగిలినది మీ కరపత్రమున ఒక పంక్తి.

తుది మనవి యొకటి. ఆ ఒక్క రాత్రియైనను ప్రదర్శనను సాయంకాలము ఆరు గంటలకే ఆరంభింపుడు. ఆ పాట ఎవరిదో, వారు ఇంటికి పోకముందే వినవలెను.

ఇట్లు,
ఒక పాత ప్రేక్షకుడు